గుట్టెక్కే ముందు కుక్కకు టీకా

చలికాలం వచ్చిందంటే ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. జనగామ వాళ్లు ఖిలాషాపూర్ కోటకు, మహబూబాబాద్ వాళ్లు గూడూరు మండలంలోని భీమునిపాదానికి, భూపాలపల్లి వాళ్లు రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు టిఫిన్ డబ్బాలు కట్టుకుని బయల్దేరుతారు. ఈమధ్య అలాంటి కార్లలో వెనక కిటికీలోంచి ఇంటి కుక్క కూడా తల బయటపెట్టి చూస్తోంది. ‘మన టామీని కూడా తీసుకెళ్దాం’ అని పిల్లలు పట్టుబడితే కాదనడం కష్టమే.

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటున్న పిల్లలు పంపిన ఫొటోలు మీ ఫోన్లోనూ ఉండొచ్చు. పచ్చటి కొండ, కింద సముద్రం, చేతిలో తాడు, తాడు చివర కుక్క. స్కాట్లాండ్‌లో కొండలు, అడవులు, సముద్ర తీరం వెంట కుక్కతో నడవడం మామూలు విషయం. మనకు సముద్రం లేకపోయినా గుట్టలున్నాయి, అడవి ఉంది, కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు ఉంది, ఊరూరా చెరువు కట్ట ఉంది. మరి మనమూ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఒక వైద్యుడిగా, వెళ్లాలనే చెబుతాను. కానీ ఆ ఫొటోలో కనిపించని తేడా ఒకటుంది. బ్రిటన్‌లో కుక్కల రేబిస్‌ను దాదాపు వందేళ్ల కిందటే లేకుండా చేసుకున్నారు. మన దగ్గర అది ఇంకా ఉంది. కాబట్టి మన ప్రయాణంలో ముందు చూసుకోవాల్సింది నీళ్ల సీసా కాదు, బూట్లు కాదు. కుక్క టీకా కార్డు. అందులో రేబిస్ టీకా గడువు దాటిపోయి ఉంటే ఆ వారం గుట్ట సంగతి పక్కన పెట్టి, ముందు పశువైద్యశాలకు వెళ్లండి.

నడిపించే తోడు

మధుమేహం ఉన్నవాళ్లు మన దేశంలో 10.1 కోట్ల మంది, దాని అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఒంటికి కావాల్సినంత శ్రమ చేయడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. లెక్క చిన్నదే, ఆచరణ దగ్గరే తేడా వస్తుంది. ‘రేపటి నుంచి నడుస్తాను డాక్టర్ గారూ’ అనే మాట ఓపీలో వినని రోజు లేదు. ఆ రేపు మాత్రం రాదు.

కుక్కకు రేపటి లెక్క తెలియదు. పొద్దున ఐదున్నరకల్లా తలుపు దగ్గర నిలబడి మూలుగుతుంది. మీరు లేవాల్సిందే. ఇంగ్లండ్‌లో ఒక ప్రాంతంలోని కుటుంబాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్క ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే వారానికి 150 నిమిషాల లక్ష్యం చేరే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అయితే ఇది కుక్కను నడిపించేవాళ్ల సంగతి. డాబా మీద గొలుసుతో కట్టేసి, పొద్దున పాలు, రాత్రి పెరుగన్నం పెట్టి వదిలేస్తే అటు కుక్కకూ ఇటు యజమానికీ బరువు పెరగడం తప్ప వేరే లాభం లేదు.

ఇదేమీ పరాయి దేశం నుంచి తెచ్చుకున్న అలవాటు కూడా కాదు. మన గొల్ల కురుమలు మేత కోసం మందలు తోలుకుని ఊళ్లు, అడవులు దాటి నెలల తరబడి నడుస్తారు. మంద వెంట కుక్క ఉంటుంది. మహాభారతంలో చివరి ప్రయాణంలో తమ్ములు, ద్రౌపది ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలేస్తేనే స్వర్గం అంటే ఆయన ఒప్పుకోలేదు. వనవాసంలో ఆ పాండవులు ఉన్నారని చెప్పుకునే గుట్టలు మన భూపాలపల్లి జిల్లాలోనే ఉన్నాయి. వెంట వచ్చిన ప్రాణి బాధ్యత మనదేనన్నది ఆ కథ చెప్పే మాట. ఈనాడు ఆ బాధ్యత టీకాతో మొదలవుతుంది.

‘మా ఇంటి కుక్కే కదా’

కుక్క కరిచి వచ్చినవాళ్ల నోట తరచూ వినే మాట ఇది. ‘మా ఇంటి కుక్కే సార్, ఏం కాదని ఊరుకున్నాం.’ ‘పిల్ల కుక్క సార్, ఆటలో పన్ను తగిలింది.’ ఇంటి కుక్కయినా, పిల్ల కుక్కయినా టీకా లేకపోతే రేబిస్ రావడానికి అడ్డేమీ లేదు. ఇంట్లోనే ఉండే కుక్కకంటే బయటికి తీసుకెళ్లే కుక్కకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. గుట్ట కింద ఊరి కుక్కలు ఎదురవుతాయి. మంద కాసే కుక్క మీదికి వస్తుంది. అడవి అంచున నక్క ఉంటుంది. కొట్లాటలో పడ్డ చిన్న గాటు బొచ్చు కింద మనకు కనిపించకపోవచ్చు.

ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తోంది. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కానీ కరిచిన వెంటనే సరైన చికిత్స అందితే ఈ జబ్బును దాదాపు పూర్తిగా ఆపొచ్చు. ఒకవైపు తప్పని మరణం, ఇంకోవైపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరికే టీకా. ఇంత స్పష్టమైన ఎంపిక ఉన్న జబ్బులు వైద్యంలో చాలా తక్కువ.

కుక్క కరిచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా మొదటి పని అక్కడే చేయాలి. సబ్బు పెట్టి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. గుట్ట మీద కుళాయి ఉండదు కాబట్టి బ్యాగులో ఒక సబ్బు, అదనంగా రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. అవి చాలకపోతే దారిలో మొదట కనిపించిన బోరు దగ్గర ఆగి మళ్లీ కడగండి. గాయానికి కారం, పసుపు, సున్నం, ఆకు పసరు రాయొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. కుట్లు వేయించాలని తొందరపడొద్దు. కడిగాక పోవిడోన్ అయోడిన్ రాసి ఆసుపత్రికి రండి.

రక్తం రాకుండా గీరుకుపోతే టీకా సరిపోతుంది. రక్తం కారిన గాయమైతే టీకాతోపాటు గాయంలోకి, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా వేయాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేదాకా కాపాడేది అదే. బొడ్డు చుట్టూ 14 సూదులనేది పాత రోజుల మాట. ఇప్పుడు చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో భుజానికి వేస్తారు. చివరి సూదిని చాలామంది ఎగ్గొడతారు, అలా చేయొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఈ టీకా నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. ‘పది రోజులు కుక్కను చూద్దాం, దానికేమైనా అయితే వేయించుకుందాం’ అనుకోవద్దు. టీకా మొదలుపెట్టి కుక్కను గమనించాలి. పది రోజుల తర్వాత అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇంకో సంగతి పిల్లలకు చెప్పాలి. తిడతారనే భయంతో చాలామంది పిల్లలు కుక్క గీరిన సంగతి దాచేస్తారు. ‘కరిస్తే చెప్పు, ఎవరూ ఏమీ అనరు’ అని బయల్దేరే ముందే చెప్పండి. ఇంట్లో కుక్క ఉంటే, కరవక ముందే పిల్లలకు ముందస్తు టీకా వేయించే వీలుంది. మీ పిల్లల డాక్టర్‌ను అడగండి. అది వేయించుకున్నా సరే, కుక్క కరిస్తే మళ్లీ రెండు సూదులు వేయించుకోవాలి.

తాడు వదలొద్దు

గుట్ట మీద ఎవరూ లేరు కదా అని తాడు విప్పేస్తాం. స్కాట్లాండ్‌లో 2003లో వచ్చిన చట్టం ప్రకారం కొండల్లో, పొలాల పక్కన దాదాపు ఎక్కడైనా నడిచే హక్కు జనానికి ఉంది. కానీ కుక్క అదుపులో ఉంటేనే ఆ హక్కు. గొర్రె పిల్లలున్న చేలోకి కుక్కను తీసుకెళ్లకూడదు. నేల మీద గూడు పెట్టే పక్షుల కాలంలో పొట్టి తాడుతోనో, పూర్తిగా అదుపులో పెట్టుకునో నడిపించాలి. అంత స్వేచ్ఛ ఉన్నచోటే అంత కట్టుబాటు ఉంది.

మన దగ్గర కారణాలు ఇంకా ఎక్కువ. మేకల మందలోకి కుక్క దూరితే ఒక పేద కుటుంబం జీవనాధారం పోతుంది. మన అడవుల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. విడిచిన కుక్క పొదల్లోకి పరుగెత్తి ఎలుగును లేపుతుంది. భయపడి తిరిగి మీ దగ్గరికే వస్తుంది, వెనకే ఎలుగు వస్తుంది. చిరుతకైతే కుక్క ఆహారమే. తెల్లవారక ముందు, చీకటి పడ్డాక అడవి అంచుకు కుక్కతో వెళ్లనే వద్దు.

పాకాల వంటి అభయారణ్యాల్లోకి కుక్కను అసలు తీసుకెళ్లొద్దు. మన కుక్క నుంచి అడవి జంతువులకు జబ్బులు సోకుతాయి. గుజరాత్‌లోని గిర్‌లో 2018లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కనైన్ డిస్టెంపర్ వైరస్‌ను గుర్తించారు. కుక్కల్లో సాధారణంగా కనిపించే జబ్బు అది. మిగతా అటవీ ప్రాంతాల్లోనూ ముందుగా అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన దారిలోనే నడవండి. పాలకుర్తి వంటి గుడి గుట్టలకు కుక్కను ఇంట్లో వదిలి వెళ్లడమే మర్యాద.

తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. కుక్క ఒక్కసారి లాగితే దిగుడులో మనిషి బోర్లా పడతాడు. అరవై దాటినవాళ్లకు అలాంటి పడటం మణికట్టు విరగడంతోనో తుంటి ఎముక విరగడంతోనో ముగుస్తుంది. పిల్లల చేతికి, పెద్దవాళ్ల చేతికి తాడు ఇవ్వకండి. ఇంట్లో బలంగా ఉన్నవాళ్లే పట్టుకోవాలి.

ఎండ, రాయి, నీళ్లు

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల దగ్గర తప్ప చెమట దాదాపు పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. అందుకే మనకు వెచ్చగా అనిపించే ఎండ దానికి ప్రాణాంతకం కావొచ్చు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, షీట్జు వంటివి, మంచు ప్రాంతాల హస్కీలు మన గుట్టలకు పనికిరావు. నాటు కుక్క ఈ వాతావరణానికి అలవాటుపడినది. కొత్తగా పెంచుకోవాలనుకుంటే దాన్నే ఆలోచించండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు మంచి కాలం. అప్పుడు కూడా తొమ్మిదిన్నర, పదికల్లా దిగిపోవాలి. పాండవుల గుట్టల వంటి చోట ఎండకు బండ తొందరగా వేడెక్కుతుంది. మీ అరచేతి వెనుక భాగాన్ని బండ మీద ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలుతాయి. అది తూలుతున్నా, చిక్కటి చొంగ కారుస్తున్నా, చిగుళ్లు ఎర్రబడినా వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి విసరండి. ఐసు నీళ్లు వద్దు. కాస్త తేరుకోగానే పశువైద్యుడికి చూపించండి. కారులో అద్దాలెత్తి కుక్కను వదిలి వెళ్లడం చలికాలంలోనూ తప్పే.

చెరువు దగ్గర, జలపాతం కింద నిలిచిన నీళ్లు కుక్కతో తాగించొద్దు, మీరూ తాగొద్దు. ఎలుకలు, కుక్కల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఏటా వేయించే కలగలుపు టీకాలో దీనికీ రక్షణ ఉందో లేదో పశువైద్యుడిని అడగండి. కాలికి గాయం ఉంటే నీళ్లలో దిగకండి. భీమునిపాదం, బయ్యారం వైపు ఏడు బావులు వానాకాలంలో చూడటానికి బాగుంటాయి కానీ బండలు నాచు పట్టి జారతాయి. ఆ కాలంలో కుక్కతో అక్కడికి వద్దు.

తిండి సంగతి కూడా. మీరు తినే ఉల్లిపాయ కూర, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషంతో సమానం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. దానికి విడిగా అన్నం, విడిగా నీళ్లు తీసుకెళ్లండి. అది చేసిన మలాన్ని కవర్లో ఎత్తి వెనక్కి తెచ్చేయండి. ఆ దారిలో ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా నడుస్తారు.

ఇంటికొచ్చాక పది నిమిషాలు

ఇంటికి చేరగానే కుక్క చెవుల లోపల, మెడ కింద, కాలి వేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకండి. కొన్నిచోట్ల వీటిని గోమార్లు అంటారు. చేత్తో నలపొద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇవి కుక్కకు టిక్ ఫీవర్‌ను, మనిషికి టిక్ టైఫస్‌ను అంటించగలవు. వాటి మందు ఏది, ఎన్నాళ్లకోసారి వాడాలన్నది పశువైద్యుడే చెప్పాలి.

పొదల్లో, గడ్డిలో కంటికి కనిపించనంత చిన్న నల్లి పిల్లలు కుట్టడం వల్ల వచ్చేది స్క్రబ్ టైఫస్. వానలు వెనకబడ్డాక ఇది ఎక్కువ. తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి. కొందరికి చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపిస్తుంది. సమయానికి డాక్సీసైక్లిన్ వంటి సులువైన మందులతో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. గుట్టకు వెళ్లొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే ‘ఫలానా రోజు అడవిలో నడిచాం’ అని డాక్టర్‌కు మీరే చెప్పండి. ఆ ఒక్క మాట రోగ నిర్ధారణను మార్చేస్తుంది. నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, మేజోళ్లు వేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఇంటికి రాగానే స్నానం చేసి, వేసుకున్న బట్టలు ఉతికేయండి.

పాము కాటు వేస్తే తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కరిచిన కాలునో చేయినో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి రండి. పామును చంపి తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు పనిచేస్తుంది. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తారు.

ఎవరు ఎంత ఎక్కాలి

గుండె జబ్బు ఉన్నవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎక్కండి. ఎక్కుతుంటే ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చల్లటి చెమటలు వస్తే అక్కడే ఆగి కూర్చోండి, సాయం పిలవండి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. జేబులో చక్కెరో గ్లూకోజో ఉంచుకోండి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే భారం. అరిగిన మోకాళ్లు ఉన్నవాళ్లకు చెరువు కట్ట చాలు, దానికీ అంతే విలువ ఉంది. ఏడాది నిండని కుక్క పిల్లను కూడా గుట్టలెక్కించొద్దు.

వీధి బాగుంటేనే ఇల్లు బాగుంటుంది

మీ కుక్కకు టీకా వేయించారు. మరి మీ వీధిలో కుక్కలకు? ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను 2030కల్లా లేకుండా చేయాలని మన దేశం 2021లో జాతీయ ప్రణాళిక పెట్టుకుంది. ఆ గడువు దగ్గర పడింది. కాలనీ సంఘాలు, పంచాయతీలు, మున్సిపాలిటీలు కలిసి వీధి కుక్కలకు టీకా రోజులు పెట్టకపోతే అది కాగితం మీదే మిగిలిపోతుంది. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి ఈ టీకా మొదలుపెట్టాడు. అన్నేళ్లుగా చేతిలో ఉన్న ఆయుధం ఇది.

మన మూడు జిల్లాలకూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో వచ్చాయి. కరిచాక చూసుకునే ఏర్పాటు దగ్గరికి వచ్చిందంటే కరవకముందు చేయాల్సిన పని తప్పిందని కాదు. పర్యాటకులు వచ్చే గుట్టల దగ్గర అధికారులు మూడు వాక్యాల బోర్డు పెట్టినా చాలు. కుక్కకు టీకా ఉందా? తాడు చేతిలో ఉందా? దగ్గర్లోని ఆసుపత్రి ఎక్కడ?

ఈ ఆదివారం మీరు గుట్టకు వెళ్లాలనే నా కోరిక. కుక్కను వెంట తీసుకెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. అంతకుముందు ఈ వారంలో ఒక సాయంత్రం బీరువాలో ఆ టీకా కార్డు ఎక్కడుందో వెతికి, చివరి తేదీ చూడండి. కార్డు దొరకకపోతే టీకా పడనట్టే లెక్క వేసుకుని, మర్నాడే పశువైద్యుడి దగ్గరికి నడిపించుకుంటూ తీసుకెళ్లండి. మీ ఇద్దరి నడక అక్కడి నుంచే మొదలుపెట్టండి.